ఇంటర్వెల్ దాకా నాన్న, ఆ తర్వాత పెదనాన్న

ఈమధ్య మా మనవరాలు ముందుగది గోడకి ఒక పెద్ద తెల్లకాగితం అంటించింది. దాని మీద ఒక గీత ఎడమ పక్క నుంచి బయలుదేరి నెమ్మదిగా ఎక్కి, మధ్యలో ఒక కుదుపు కుదిపి, ఇంకా పైకి పోయి, చివర్న గబగబా దిగిపోతుంది. మధ్యమధ్య ఎర్ర చుక్కలు. కళ్ళజోడు లేకుండా చూసి, నా రక్తపోటు లెక్క ఎవరో బొమ్మగా గీసి గోడకెక్కించారేమో అనుకుని కాస్త కంగారుపడ్డాను. తీరా అడిగితే అది సినిమా కథకి నక్షా అంది. ప్రేమ్ బజార్‌లో ఎవరో కుర్రవాళ్ళు ఒక మేడగది అద్దెకు తీసుకుని ఆదివారాలు సినిమా కథ రాయడం నేర్పుతున్నారట, ఇందా పేటలో ఉన్న మా ఇంటి నుంచి సైకిలు మీద వెళ్ళి నేర్చుకుని వస్తోంది. మనుషుల్ని పరిచయం చేసి ముడి వెయ్యడం మొదటి భాగమట, ఆ ముడి బిగించడం రెండోదట, విప్పడం మూడోదట. సరిగ్గా నట్టనడుమ, అంటే మనం ఇంటర్వెల్ అనుకునే చోట, కథ అడ్డంగా తిరగబడాలట. ఏ దేశం సినిమా తీసుకున్నా ఇంతేనట. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, చెవుల్లో ఆ తెల్లగింజలు మళ్ళీ పెట్టేసుకుంది.

ముప్పై ఏళ్ళు ఇదే ఊళ్ళో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నాకు నోరు ఊరుకుంటుందా? ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని మన పెద్దవాళ్ళు నాటకానికి అయిదు సంధులు ఎప్పుడో చెప్పారే, మీ మేడగది మాస్టారికి తెలుసా అని అందామనుకున్నాను. కానీ చెవులు మూసుకున్న పిల్లకి శాస్త్రం ఏం చెబుతాం! నిజం చెప్పొద్దూ, ఆ అయిదు సంధులూ నేను పిల్లలకి వల్లె వేయించానే కానీ, కథ ఎలా కడతారో నాకు తెలిసింది మాత్రం మా నాయనమ్మ బట్టలమూట దగ్గర. ఆ కాగితం మీద నట్టనడుమ ఉన్న ఎర్ర చుక్కని చూస్తూ కూర్చుంటే ఆవిడా, ఆవిడ ఇద్దరు కొడుకులూ, ఒక పడవ సినిమా వరసగా గుర్తుకొచ్చి, పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు.

మా నాన్నా పెదనాన్నా ఇద్దరూ ఇక్కడి లోకోషెడ్డులో ఫిట్టర్లు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాతగారి తరంలో వచ్చి ఈ బెంగాలీ ఊరి రైల్వే క్వార్టర్లలో కుదురుకున్న కుటుంబం మాది. పెదనాన్న వాళ్ళది పూరీ గేట్ దగ్గర క్వార్టరు, మాది దానికి నడిచిపోయేంత దూరం. నాయనమ్మ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్ళింట్లో ఉండేది. ఎవరూ పెట్టిన ఏర్పాటు కాదది, ఇద్దరు కోడళ్ళ వంటా ఇష్టమే కాబట్టి ఆవిడే పెట్టుకుంది. నెల మారగానే రెండు కోకలూ, ఒక దువ్వెనా, పొగాకు డబ్బా ఒక పాత దుప్పట్లో పెట్టి మూట కట్టేది. ఆ ముడి వెయ్యడం చూడముచ్చటగా ఉండేది. రైలు కింద పడ్డా ఊడదన్నట్టు బిగించి, ఒక కొస మాత్రం పిలకలా బయటికి వదిలేది. ఆ కొస పట్టుకు లాగితే చాలు, మూటంతా తామరపువ్వులా విచ్చుకునేది. నేను కట్టబోతే కొసలన్నీ లోపలికి దోపేసేదాన్ని, తర్వాత పళ్ళతో కొరికినా ఊడేది కాదు. అప్పుడు ఆవిడ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేది.

"ఓలే గుంటా, ముడి ఎవులైనా ఎయ్యగల్రు. ఇప్పడానికి ఒక కొస బయటికి ఒగ్గీయాల. అది నేకపోతే ముడేటి, మొండి గుదిబండ!"

ఇక సినిమాల సంగతి. మా తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో రెండు గుంజలు పాతి తెల్ల తెర కట్టేవారు. ఎక్కువగా బెంగాలీ, హిందీ సినిమాలు వేసేవారు, ఎప్పుడో వాన చుక్కలా ఒక తెలుగు సినిమా వచ్చేది. వచ్చిన రోజున మన జనమంతా చాపలూ గోనెపట్టాలూ చంకన పెట్టుకుని పొద్దు వాలకముందే చేరిపోయేవాళ్ళు. మూకుడంత ఆకుల్లో ఆవనూనె కలిపిన మరమరాలు, ఇక్కడివాళ్ళ మాటలో ముడి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినేవాళ్ళం. అదొక్క ఆటే. మర్నాడు పొద్దున్నే రీళ్ళ పెట్టెలు రైలెక్కి ఇంకో ఊరు పోయేవి, తప్పిపోయిన సినిమా తప్పిపోయినట్టే. అందులోనూ సరిగ్గా ఆట మధ్యలో షెడ్డుకి షిఫ్టు మారేది. సైరన్ మోగేవేళకి ఇంటర్వెల్ ఇచ్చేవారు. రాత్రి డ్యూటీవాళ్ళు ముడి పొట్లాలు జేబులో కుక్కుకుని లేచి వెళితే, మధ్యాహ్నం డ్యూటీ దిగినవాళ్ళు నూనె మరకల బట్టలతోనే వచ్చి ఆ ఖాళీల్లో కూర్చునేవారు. సగం ఊరు మొదటి సగం చూసేది, సగం ఊరు రెండో సగం చూసేది.

అందుకని మా షెడ్డులో ఒక ఆచారం పుట్టింది. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడికి ఫలానా ఇంజన్‌కి ఇంత పనయింది, ఇంత మిగిలింది అని అప్పజెప్పాలి, దాన్ని చార్జ్ ఇవ్వడం అంటారు. సినిమా రోజున ఇంజన్ చార్జ్‌తో పాటు సినిమా చార్జ్ కూడా ఇచ్చుకునేవారు. రాత్రి డ్యూటీకి వచ్చినవాడు దిగేవాడితో, మీసాలాయన మంచివాడిలా కనపడతాడు కానీ నమ్మకు, తెల్లచీర పిల్ల వాడి చెల్లెలే కానీ వాడికి తెలీదు, ముసలాయన పోయాడు, బేగి పో, పాట అయిపోద్ది అని నాలుగు ముక్కల్లో కథంతా అందించేవాడు. మర్నాడు రెండోవాడు మిగిలిన సగం తిరిగి అప్పజెప్పేవాడు. కథ మొత్తం ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే దానికి నిలకడ ఉన్నట్టు అని మా మనవరాలి మాస్టారు అంటాడట. మా షెడ్డువాళ్ళు సైరన్ ఆగేలోపల చెప్పేవాళ్ళు.

ఇంత మాటకారుల షెడ్డులో మా నాన్నా పెదనాన్నా మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. నాకు బాగా ఊహ వచ్చేసరికి ఆ గొడవ ముదిరి పాకాన పడింది. మొదలు ఇదీ. పెదనాన్న పెద్దకూతురు, అంటే మా పెద్దక్క పెళ్ళి. వియ్యాలవారితో పాటు నాన్నా భోజనాల పంక్తిలో కూర్చున్నాడు, పెదనాన్న నెయ్యి వడ్డిస్తూ కబుర్లు చెబుతున్నాడు. పెదనాన్న కథ చెప్పడం మొదలెడితే తినేవాళ్ళు చెయ్యి నోటి దగ్గర ఆపేసేవారు, అంత రసపట్టు మనిషి. ఆ రోజు మా నాన్న షెడ్డులో చేరిన మొదటి రోజు కథ ఎత్తుకున్నాడు. ఒక కుళాయి తిప్పమంటే నాన్న కంగారులో ఇంకోటి తిప్పాడు, పక్కన నిలబడ్డ ఫోర్‌మన్ గారి ఇస్త్రీ తెల్లప్యాంటు మీద నల్లటి నూనెనీళ్ళు ధార కట్టాయి, ఆయన ఆ ప్యాంటుతోనే పెద్దదొర ముందుకి వెళ్ళవలసి వచ్చింది. వియ్యాలవారు పడీపడీ నవ్వారు. నాన్న నవ్వలేదు. అన్నం ముందు కూర్చున్నవాడు విస్తరి అలాగే వదిలేసి, లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. శుభకార్యంలో ఇంటి మనిషి విస్తరి ముందునుంచి లేచిపోతే పెట్టినవాళ్ళకి అంతకన్నా పరువుతక్కువ ఏముంటుంది? నలుగురిలో నవ్వులపాలు చేశాడని తమ్ముడు, నా కూతురి పెళ్ళిలో నా విస్తరి కాలదన్నాడని అన్న. అంతటితో రెండిళ్ళ మధ్యా మాటలు తెగిపోయాయి. అమ్మా పెద్దమ్మా కుళాయి దగ్గర ఎదురుపడ్డా బిందెల వంక చూసుకునేవారు.

అసలు సంగతి ఏమిటంటే పెదనాన్న చెప్పబోయిన కథ అక్కడితో అయిపోలేదు, ఇంకో సగం ఉంది. ఆ సంగతి నాయనమ్మ ఒక్కదానికే తెలుసు. ఆవిడ చెప్పాలని చూడకపోలేదు. కానీ, ఆ రోజు మీ అన్న ఏటంటన్నాడంటే, అని మొదలెట్టగానే నాన్న కండువా దులిపి వీధిలోకి పోయేవాడు. పోనీ పెద్దకొడుకుని కదిపితే, ఆడు ఇనకుండా లేచిపోనాడు, నాను ఎనకాల పరిగెట్టి సెప్పాలా అని ఆయన. కథ నడిమధ్యలో ఆగిపోయి ఏళ్ళు గడుస్తున్నాయి.

ఒకరి మొహం ఒకరు చూడకూడదని ఇద్దరూ వెళ్ళి వేరువేరు షిఫ్టులు అడిగి వేయించుకున్నారు. వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది, వరస షిఫ్టులు పడేసరికి రోజూ ఒకరి చేతుల్లోంచి ఒకరు పని అందుకోవలసి వచ్చింది. మరి చార్జ్ ఎలా? వాళ్ళతో పనిచేసే ఒక బెంగాలీ ఫిట్టర్ ఉండేవాడు, మేమంతా దాదా అనేవాళ్ళం. పెదనాన్న ఆయన వైపు తిరిగి హిందీలో, ఈ ఇంజన్ బ్రేకు పని మిగిలిందని మీ పక్కన ఉన్నాయనకి చెప్పు అనేవాడు. ఆ పక్కన ఉన్నాయన బారెడు దూరంలో నిలబడి అంతా వింటూనే ఉండేవాడు, అయినా దాదా మళ్ళీ చెబితే తప్ప తలూపేవాడు కాదు. సినిమాకి వచ్చినా ఇంతే. మా అమ్మ తెరకి ముందువైపు చాప పరిస్తే పెద్దమ్మ వెనకవైపు పరిచేది. అటు కూర్చున్నవాళ్ళకి కథానాయకుడు గడియారం కుడిచేతికి పెట్టుకుని ఎడమచేత్తో తినేవాడు. నాయనమ్మ మాత్రం గుంజ దగ్గర, అటూ ఇటూ కనపడేలా కూర్చుని, రెండువైపుల పిల్లలకీ ముడి పంచేది.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ పడవ సినిమా. పేరు చెప్పను, చెప్పినా ఎవరికీ గుర్తుండేంత గొప్పదేం కాదు. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ కలిపి ఒక్క పడవ. బావమరిది చాడీలు విని అన్నయ్య తమ్ముణ్ణి అనుమానిస్తాడు, తమ్ముడు ఊరొదిలి పోతాడు, ఇంటర్వెల్. అక్కడి దాకా నాన్న మా చాప మీదే కూర్చుని, కళ్ళార్పకుండా చూసి, సైరన్‌కి లేచిపోయాడు. అన్నదమ్ముల కథ అనేసరికి అమ్మ కూడా ఆయన వంక చూడలేక ముడిలో మిరపకాయలు ఏరుకుంది. కొంతసేపటికి పెదనాన్న వచ్చి తెర వెనక కూర్చున్నాడు. షెడ్డులో మిగతావాళ్ళంతా సినిమా చార్జ్ ఇచ్చుకున్నారు కానీ వీళ్ళిద్దరి మధ్యా ఎప్పటిలా దాదా చేత బ్రేకుల సంగతి మాత్రమే నడిచింది. కాబట్టి తమ్ముడి కడుపులో మొదటి సగం, అన్న కడుపులో రెండో సగం మిగిలిపోయాయి. నేనైతే రెండో సగంలో వరద పాట మొదలవగానే నాయనమ్మ ఒళ్ళో నిద్రపోయాను.

మర్నాడు నాన్న నిద్రలేచి, అన్నం తింటూ, ఎవరినీ ఉద్దేశించనట్టు, ఆ పడవవాళ్ళు చివరికి ఏమయ్యారని అడిగాడు. నాయనమ్మ విస్తట్లో పులుసు వంచుతూ రెండో సగం చెప్పింది. తమ్ముడు పోయాక అన్నయ్య రోజూ సాయంత్రం ఒంటరిగా పడవలో కూర్చుని, తమ్ముడు పూర్తిగా వినకుండా పోయిన మాట ఒకటి ఉండిపోయిందని ఏటితో చెప్పుకునేవాడట. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న నాన్న ఆగిపోయాడు. ఏ మాట? మొదటి సగంలో అలాంటిదేటీ నాను సూడలేదే? నువ్వు డూటీకెళ్ళిపోనాక ఆడు ఏటితో సెప్పుకున్నాడు గదేటి అంది నాయనమ్మ. ఇంతకీ ఆ మాటేమిటని నాన్న అడిగితే, అది సినిమాలో సెప్పనేదురా సిన్నోడా అని చల్లగా మజ్జిగ పోసింది.

వారం తిరక్కుండా నెల మారింది, మూట కట్టుకుని ఆవిడ పూరీ గేట్ వెళ్ళింది. అక్కడ పెదనాన్న మొదటి సగం అడిగాడు. బావమరిది చాడీలు అన్నీ మింగేసి ఈవిడ చెప్పిన మొదటి సగం వేరు. అన్న నలుగురిలో తమ్ముడి గురించి ఒక గొప్పమాట చెప్పబోతూ సరదాకి ముందు ఒక వేళాకోళం ఎత్తుకున్నాడట, తమ్ముడు గొప్పమాట వచ్చేదాకా ఆగకుండా లేచిపోయాడట. పెదనాన్న ఆ పూట రొయ్యల కూర కూడా సగం వదిలేశాడని పెద్దమ్మ తర్వాతెప్పుడో మా అమ్మతో చెప్పింది.

ఇక్కడ మా ఇంట్లో నాన్నకి ఆ మాటేమిటో తెలీక పిచ్చెక్కిపోతోంది. కథలో ఒక ముడి వేసి విప్పకుండా వదిలేస్తే మనిషికి అన్నం సహించదని మా మనవరాలి క్లాసులో చెబుతారో లేదో కానీ, నేను కళ్ళారా చూశాను. సైకిలు తుడుస్తూ, గడ్డం గీసుకుంటూ, ఆడేటి సెప్పాలనుకున్నాడంటావు అని అమ్మని అడిగేవాడు. షెడ్డులో రెండో సగం చూసిన ప్రతివాణ్ణీ అడిగాడు. అలాంటి సీనే లేదని వాళ్ళు నవ్వారు. నాన్న నమ్మలేదు. రెండో సగం శ్రద్ధగా చూసి, మాటలతో సహా గుర్తుపెట్టుకోగలవాడు షెడ్డు మొత్తానికి ఒక్కడే ఉన్నాడని ఆయనకి తెలుసు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, దాదా రిటైరయ్యేదాకా రసగుల్లాలు తింటూ మా ఇంట్లో చెప్పగా విన్నది. ఆ రోజు చార్జ్ అప్పజెప్పడం అయిపోయాక నాన్న కదల్లేదట. దాదా వైపు తిరిగి, పడవలో కూర్చుని ఆయన ఏం చెప్పాలనుకున్నాడో అడుగు అన్నాడట. పాపం దాదా ఇంజన్ కింద కూడా వంగి చూసి, ఇక్కడ పడవెక్కడిది బాబా అన్నాడట. అదేమిటో అర్థంకాకపోయినా అలాగే పెదనాన్నకి అందించాడు. ఆయన మొహం చిట్లించి, అలాంటిది సినిమాలో లేదని చెప్పు, ముందు ఆ తమ్ముడు మాట పూర్తిగా వినకుండా ఎందుకు లేచిపోయాడో చెప్పమను అన్నాడట. నాన్న, మొదటి సగమంతా నాను సూసినాను, తమ్ముడు లేచిపోవడం అందులో లేనే లేదు, బావమరిది చాడీలే ఉన్నాయి అన్నాడట. ఈ మాట ఆయన దాదా వైపు తిరగడం మరిచిపోయి, తెలుగులో, సూటిగా అన్నగారి మొహంలోకి చూసి అనేశాడు. దాదాకి ఇక పని లేకపోయింది, అయినా చేతులు జోడించి "ఆమి ఆర్ పార్బో నా! తుమ్ దోనో భాయ్ హో, ఆపస్ మే బోలో!" అని, ఇక నావల్ల కాదు, అన్నదమ్ములేగా, మీలో మీరే మాట్లాడుకోండని, తన వంతు అరుపు తనూ అరిచాడట.

మొదటి సగంలో లేనిది, రెండో సగంలో లేనిది, మరి ఈ లేచిపోయినవాడూ చెప్పలేకపోయినవాడూ ఎక్కడివాళ్ళు? ముందు పెదనాన్నకి వెలిగింది.

"ఒరే సిన్నోడా, ఆలిద్దరూ సినిమావోలు కారురా. మనమేరా. మీయమ్మ... మనమ్మ ఎంత పని సేసినాదిరా!"

మర్నాడు పొద్దున్న నాన్న డ్యూటీ దిగేవేళకి పెదనాన్న సైకిలుతో షెడ్డు గేటు దగ్గర కాపు కాశాడు. ఇద్దరూ సైకిళ్ళెక్కకుండా నడిపించుకుంటూ పూరీ గేట్ వైపు వెళ్ళడం చూసి ఎవరో పరిగెత్తుకొచ్చి అమ్మకి చెప్పారు. అమ్మ కొట్టుకుంటారేమోనన్న భయంతో పొయ్యిలో నీళ్ళు చల్లి, నన్ను లాక్కుంటూ బయలుదేరింది. మేం వెళ్ళేసరికి నాయనమ్మ అరుగు మీద తోటకూర తుంచుతోంది, ఎదురుగా ఇద్దరు కొడుకులూ తగువు తీర్చమన్న పిల్లల్లా నిలబడ్డారు. లేని కథలు ఎందుకు చెప్పావని నాన్న గట్టిగా నిలదీశాడు. ఆవిడ తలెత్తకుండా కాడలు వేరు చేస్తూనే జవాబిచ్చింది.

"రెండు సగాలూ నా కడుపులోంచి వొచ్చినవేరా. నాను కలపకపోతే ఎవులు కలుపుతారు? సర్లే గానీ, పెద్దోడా, ఆ పెళ్ళినాటి కథలో మిగిలింది సెప్పీ. ఈడు లేస్తే కాళ్ళిరగ్గొడతాను."

నాన్న గడప మీద కూర్చున్నాడు. పెదనాన్న మొదట గొంతు సవరించుకుని బెట్టుచేశాడు కానీ, కథ చెప్పే మనిషి ఎంతసేపని బిగబట్టుకుంటాడు! ఆ ప్యాంటు సంగతి జరిగిన రెండేళ్ళకి ఒక ఇంజన్ ఏం చేసినా దారికి రాక షెడ్డులో మొరాయించిందట. ఆ రోజు నాన్న సెలవులో ఉన్నాడు. అదే ఫోర్‌మన్ గారు, అంతమంది పెద్ద ఫిట్టర్లుండగా, నా ప్యాంటు పాడుచేసిన కుర్రాణ్ణి పిలవండి, వాడొచ్చేదాకా దీన్నెవరూ ముట్టుకోవద్దు అన్నాడట. ఆ మాట విని తను షెడ్డు వెనక్కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చానని, షెడ్డందరికీ మిఠాయి పంచానని, ఆ సంగతి వియ్యాలవారికి చెప్పి, ఇలాంటి తమ్ముడు నాకున్నాడు అని అందామనే ప్యాంటు నుంచి ఎత్తుకున్నానని చెప్పాడు పెదనాన్న. చెబుతుంటే పెద్దమ్మ లోపల్నుంచి వచ్చి అమ్మ పక్కన నిలబడిందని నేను గమనించాను, అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది.

నాన్న, అదేదో ముందరే సెప్పొచ్చు గదా అన్నాడు. ముందరే సెప్పీస్తే ఇంకేటి కథరా అంది నాయనమ్మ. పెదనాన్న ఫక్కున నవ్వాడు, ఆ వెనకే నాన్న నవ్వాడు, ఏమీ అర్థంకాని నేను కూడా నవ్వాను. ఆ పూట అక్కడే తోటకూర పప్పు, ఎండుచేపల పులుసు. పెదనాన్న నాన్నకి వడ్డిస్తూ, ఈ విస్తరి పూర్తిగా తిని లే అన్నాడు. నాన్న ఆకులో కరివేపాకు కూడా మిగల్చలేదు.

ఆ తర్వాత సంవత్సరాల్లో అలంకారశాస్త్రం చదువుకున్నాను, పిల్లలకి చెప్పాను, ఇప్పుడు మనవరాలి కాగితం చూశాను. అన్నింటిలోనూ కథ చెప్పేవాడు ఏం చెయ్యాలో ఉంది. మొదట చిక్కు వెయ్యక తప్పదు, గొప్పమాట చివరికి దాచక తప్పదు. వినేవాడు ఎంతసేపు కూర్చోవాలో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. మా నాన్నకి మాత్రం అది బాగా వంటబట్టింది. ఆ తర్వాత ఆయన ఎవరు ఎంత సోది చెప్పినా చివరిదాకా కూర్చునేవాడు, చందాలకొచ్చినవాళ్ళతో సహా. అమ్మ విసుక్కునేది.

ఆవిరింజన్లు పోయాయి. తెర కట్టిన మైదానంలో ఇప్పుడు బళ్ళు నిలుపుకుంటున్నారు. నాయనమ్మ, ఆ ఇద్దరు కొడుకులు, అమ్మ, పెద్దమ్మ, దాదా, ఒక్కొక్కరే షిఫ్టు దిగి వెళ్ళిపోయారు. సినిమా ఇప్పుడు ఎవరిది వాళ్ళ అరచేతిలో మొదటినుంచి చివరిదాకా ఉంది. నచ్చకపోతే వేలితో ముందుకి తోసెయ్యవచ్చు, తొందరైతే పరుగు పెట్టించవచ్చు. తలా ఒక సగమే దొరికిన రోజుల్లో మాకు పక్కవాడి అవసరం ఉండేది, కోపం వచ్చినా అతని దగ్గరికే పోవలసి వచ్చేది. ఆ ఇబ్బంది పోయినందుకు సంతోషించాలి కాబోలు, నాకే ఎందుకో మనసొప్పదు.

ఇదంతా మొన్న మనవరాలికి చెప్పాను. చెవుల్లోవి తీసి, మళ్ళీ పెట్టుకోకుండా విన్నది. విని, ఫోనులో వెతికి వెతికి, ఆ పడవ సినిమా పట్టుకుంది. మసకమసగ్గా, గీతలు గీతలుగా ఉంది కానీ అదే. ఇద్దరం మంచం మీద ఒరిగి చూశాం. బావమరిది చాడీలు చెబుతుంటే మా అమ్మ మిరపకాయలు ఏరుకోవడం నా పక్కనే జరుగుతున్నట్టనిపించింది. తమ్ముడు ఊరు దాటాడు, ఇంటర్వెల్ అని పడింది. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపించాను. మిగతాది నువ్వొక్కదానివే చూసి వచ్చి నాకు చెప్పు అన్నాను.

"అదేంటి అమ్మమ్మా, ఇంకో గంటే కదా! సరే, ఠీక్ హై. ఉన్నదున్నట్టు చెప్పాలా, నాకు నచ్చినట్టు చెప్పాలా?"

నీ ఇష్టం, చార్జ్ నీది అన్నాను.

ఈ సాయంత్రం వచ్చి ఎదురుగా కూర్చుని మొదలెట్టింది. బాగానే చెబుతోంది, చేతులు తిప్పడం అచ్చం పెదనాన్నలాగే ఉంది. ఏరు పొంగింది, పడవ తాడు తెగింది, అన్నయ్య చీకట్లో తమ్ముడి పేరు పెట్టి కేకేశాడు. సరిగ్గా అప్పుడు దాని స్నేహితురాలు వీధిలో సైకిలు గంట కొట్టింది. ఉండమ్మమ్మా, అసలు సంగతి ఇంకా ఉంది, ఇప్పుడే వస్తా అని పరిగెత్తింది. ఇద్దరూ గేటు దగ్గర నిలబడి ఏవో బెంగాలీలో చెప్పుకుని నవ్వుకుంటున్నారు, ఇప్పట్లో వచ్చేలా లేదు. టీ చల్లారిపోయింది, దోమలు కుడుతున్నాయి, దేవుడి దగ్గర దీపం కూడా ఇంకా పెట్టలేదు. అయినా నేను కుర్చీలోంచి కదల్లేదు. కథ మధ్యలో లేచిపోవడం మా ఇంట్లో మానేసి చాలా కాలమైంది.